వేడిని తట్టుకునే జీన్ దొరికిందంటే పంట నిలబడినట్టేనా? షాపెరోన్ల సంగతి మొదటి నుంచీ

ఎండలు ముదిరినప్పుడల్లా ఒక రకం వార్త తప్పకుండా కనిపిస్తుంది, వేడిని తట్టుకునే జీన్ కనిపెట్టేశారు, ఇక వరీ గోధుమా మొక్కజొన్నా ఎంత ఎండకైనా తలవంచవు అని. లోపలికెళ్లి చదివితే హీట్ షాక్ ప్రొటీన్, షాపెరోన్, హెచ్ఎస్‌ఎఫ్ అని నాలుగు మాటలుంటాయి, వాటి అర్థం మాత్రం అక్కడ ఉండదు. కింద కామెంట్లలో ఒకళ్లేమో ఆ జీన్ విత్తనంలో పెట్టేస్తే అయిపోయె కదా అంటారు, ఇంకొకళ్లు నలభై ఏళ్ల నుంచి ఇదే చెప్తున్నారు ఏమొచ్చింది అంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది, ఆ సగం ఏంటో తెలియాలంటే మొక్క సెల్ లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపిగ్గా చూడాలి.

విషయం చిన్నదేం కాదు. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి ఎంత తగ్గుతుందో చాలా అధ్యయనాల్ని కలిపి 2017లో లెక్కేశారు. మొక్కజొన్నకి సుమారు 7.4 శాతం, గోధుమకి 6 శాతం, వరికి 3.2 శాతం, సోయాకి 3.1 శాతం. ఇవి సగటులు, చోటుని బట్టి చాలా మారతాయి, కానీ దిశ మాత్రం కిందకే.

అసలు వేడి దేన్ని పాడు చేస్తుంది

ప్రొటీన్ అంటే అమైనో యాసిడ్లు వరసగా గుచ్చిన పొడుగాటి దండ. దండగా ఉన్నంతసేపూ అది ఏ పనీ చెయ్యలేదు, ఒక పద్ధతిలో మడతపడి ఒక ఆకారానికి వస్తేనే ఎంజైమ్‌గానో ఇంకోటిగానో పనికొస్తుంది. ఆ ఆకారం ఎలా ఉండాలనే సమాచారం దండలోని వరసలోనే ఉందని క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ చూపించాడు, దానికే 1972లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అయితే ఆయన చూపించింది టెస్ట్ ట్యూబ్‌లో, పల్చటి ద్రావణంలో. సెల్ లోపల అంత ఖాళీ ఎక్కడుంది, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి, పైగా కొత్త దండ తయారవుతుండగానే పక్కనున్నది దానికి అంటుకునే ప్రమాదం ఉంటుంది.

ఎందుకు అంటుకుంటాయంటే ప్రతి ప్రొటీన్‌లోనూ నీళ్లంటే పడని భాగాలు కొన్ని ఉంటాయి. సరిగ్గా మడతపడ్డ ప్రొటీన్ వాటిని లోపల దాచుకుంటుంది. వేడెక్కితే మడత వదులవుతుంది, దాచుకున్న భాగాలు బయటపడతాయి, అవి నీళ్లకి దూరంగా పోవాలని పక్క ప్రొటీన్‌లో బయటపడ్డ అలాంటి భాగాన్నే పట్టుకుంటాయి. అలా రెండు నాలుగై నాలుగు నలభై అయి ముద్ద కడుతుంది. ముద్దకట్టిన ప్రొటీన్ తన పని మానెయ్యడమే కాదు, బాగున్నవాటిని కూడా లోపలికి లాగేసుకుంటుంది.

ఇక్కడ వచ్చేదే షాపెరోన్. ఇంగ్లీషులో ఆ మాటకి తోడుగా ఉండి చెడు సావాసం పట్టకుండా చూసే మనిషి అని అర్థం, చేసే పనీ అదే. బయటపడ్డ అంటుకునే భాగాన్ని తను పట్టుకుని, వేరేదానికి అంటుకోకుండా ఆపి, మళ్లీ మడతపడే అవకాశం ఇస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, షాపెరోన్ ఆకారం నేర్పదు, ఆకారం దండలోనే ఉంది. ఇది అడ్డాలు తీసేస్తుంది అంతే, పని అయ్యాక పక్కకి తప్పుకుంటుంది, తయారైన ప్రొటీన్‌లో భాగంగా ఉండిపోదు.

బఠానీ ఆకులోంచి పెద్దదైన మాట

షాపెరోన్ అనే మాటని 1978లో రాన్ లాస్కీ వాళ్లు ముందు వాడింది కప్ప గుడ్లలోని న్యూక్లియోప్లాస్మిన్ అనే ప్రొటీన్ గురించి. దానికీ వేడికీ ఏ సంబంధమూ లేదు. తర్వాత 1987లో జాన్ ఎల్లిస్ ఆ మాటని ఒక పెద్ద ప్రొటీన్ వర్గం మొత్తానికి విస్తరించాడు, ఆయన అక్కడికి చేరింది మాత్రం మొక్కల దారిలోనే. ఎల్లిస్ బృందం బఠానీ ఆకుల్లోంచి క్లోరోప్లాస్ట్‌లు, అంటే ఆకు సెల్‌లో వెలుగుతో ఆహారం తయారయ్యే పచ్చటి భాగాలు, తీసి రుబిస్కో ఎలా తయారవుతుందో చూస్తున్నప్పుడు, కొత్తగా తయారైన రుబిస్కో పెద్ద ముక్క ఊరికే తిరక్కుండా ఇంకో ప్రొటీన్‌కి అతుక్కుని కనిపించింది. ఆ ప్రొటీనే తర్వాత షాపెరోనిన్ అని తేలింది, బ్యాక్టీరియాలో ఉండే గ్రోఈఎల్‌కి దగ్గరి చుట్టం.

రుబిస్కో అంటే గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఎంజైమ్, మనం తినే ప్రతి గింజా చివరికి దాని చలవే. అందులో 8 పెద్ద ముక్కలు, 8 చిన్న ముక్కలు, మొత్తం 16 కలవాలి. మొక్కల రుబిస్కోని బ్యాక్టీరియాలో తయారు చేయించాలని దశాబ్దాల పాటు ప్రయత్నించి ఓడిపోయారు, చివరికి 2017లో కుదిరింది, ఎలాగంటే దానికి తోడుండే క్లోరోప్లాస్ట్ షాపెరోన్లన్నిటినీ కలిపి పంపితేనే. ఈ ఒక్క సంగతి చాలు నా దృష్టిలో, షాపెరోన్లు ఆపద వచ్చినప్పుడే లేచే అంబులెన్సులు కావు, ఏ ఎండా లేని మామూలు రోజున కూడా అవి లేకపోతే ఆకు ఆకులా పనిచెయ్యదు.

వేడి కథ వేరే దారిలో మొదలైంది. 1962లో ఫెరుచియో రిటోసా అనే ఇటలీ శాస్త్రవేత్త, పండ్ల మీద వాలే చిన్న ఈగల క్రోమోజోముల్లో కొన్ని చోట్ల కొత్తగా ఉబ్బులు రావడం చూశాడు. ల్యాబ్‌లో ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు, అదీ కారణం. ఆ ఉబ్బులంటే అక్కడ జీన్లు గట్టిగా పనిచేస్తున్నాయని అర్థం. వాటి నుంచి వచ్చే ప్రొటీన్లు 1974లో కనిపించాయి, వాటికే హీట్ షాక్ ప్రొటీన్లు, పొట్టిగా హెచ్ఎస్‌పీలు అని పేరు. 1981లో జో కీ బృందం సోయా మొలకల్ని 28 నుంచి 40 డిగ్రీలకి మార్చి చూస్తే మొక్కల్లోనూ అదే జరిగింది, మామూలు ప్రొటీన్ల తయారీ తగ్గిపోయి హెచ్ఎస్‌పీల తయారీ ఒక్కసారిగా పైకి లేచింది.

రెండు కథలూ తర్వాత కలిశాయి, చాలా హెచ్ఎస్‌పీలు చేసేది షాపెరోన్ పనే అని తేలింది. కానీ రెండు మాటలూ ఒకటి కావు, వార్తల్లో ఎక్కువ తికమక ఇక్కడే మొదలవుతుంది. హెచ్ఎస్‌పీ అంటే వేడికి పెరిగేది, షాపెరోన్ అంటే మడతకి తోడుండేది. వేడికి పెరిగినా షాపెరోన్ కానివి ఉన్నాయి, న్యూక్లియోప్లాస్మిన్ లాగా వేడితో సంబంధం లేని షాపెరోన్లూ ఉన్నాయి. పైగా పేరులో హీట్ ఉందని వేడికే అనుకోకూడదు, చలికీ ఉప్పుకీ కరువుకీ వరదకీ కూడా వీటిలో చాలావరకు లేస్తాయి, ఎందుకంటే ఏ దెబ్బయినా చివరికి తగిలేది ప్రొటీన్ మడతకే.

ఎవరి పని ఏంటి

హెచ్ఎస్‌పీ పక్కన ఉండే నంబరు దాని బరువు, కిలోడాల్టన్లలో. హెచ్ఎస్‌పీ 70 అంటే సుమారు 70 కిలోడాల్టన్లు, అంతకుమించి గొప్ప అర్థమేం లేదు.

ఒక ఆకు సెల్ ఉన్నట్టుండి వేడెక్కిందనుకుందాం. ముందు పరిగెత్తేది చిన్న హెచ్ఎస్‌పీలు, మొక్కల్లో ఇవి మరీ ఎక్కువ రకాలున్నాయి. పరిశోధనకి ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కలోనే 19 దాకా లెక్కపెట్టారు. మామూలు ఆకులో వెతికినా దొరకనంత తక్కువుంటాయి, వేడి తగిలితే వందల రెట్లు పెరుగుతాయి. వీటికి ఏటీపీ, అంటే సెల్ శక్తికి వాడే ఇంధనం, ఖర్చు లేదు, వదులైన ప్రొటీన్‌కి చుట్టూ అతుక్కుని ముద్దకట్టకుండా పట్టుకుని ఉంచుతాయి, అంతే, తిరిగి మడతపెట్టడం వీటి పని కాదు. గోధుమలోని హెచ్ఎస్‌పీ 16.9 ఆకారాన్ని 2001లో చూశారు, 12 ముక్కలు రెండు రింగుల్లా కూర్చుని ఉంటాయి, వేడెక్కితే విడిపోయి పనిలోకి దిగుతాయి.

తర్వాత వచ్చేది హెచ్ఎస్‌పీ 70, దానికి ఏ ప్రొటీన్ మీద పనిచెయ్యాలో తెచ్చి చూపించేవి జె ప్రొటీన్లు. ఇది ఏటీపీ ఖర్చుపెడుతూ పట్టుకోవడం వదలడం, పట్టుకోవడం వదలడం చేస్తుంటుంది, వదిలిన ప్రతిసారీ ఆ ప్రొటీన్‌కి సరిగ్గా మడతపడే ఒక అవకాశం. హెచ్ఎస్‌పీ 60 ది ఇంకో పద్ధతి, రుబిస్కో దగ్గర చూసిన షాపెరోనిన్ ఇదే, పీపా లాంటి గదిలో ప్రొటీన్‌ని ఒంటరిగా పెట్టి తలుపేస్తుంది, లోపల అంటుకోడానికి పక్కన ఎవరూ ఉండరు కాబట్టి ప్రశాంతంగా మడతపడుతుంది. హెచ్ఎస్‌పీ 90 కొంచెం ప్రత్యేకం, దాదాపు తయారైపోయిన సిగ్నల్ ప్రొటీన్లని చివరి అడుగులో పట్టుకుని సిద్ధంగా ఉంచుతుంది, తెగుళ్లని గుర్తుపట్టే మొక్కల రెసిస్టెన్స్ ప్రొటీన్లలో కొన్ని దీని మీదే ఆధారపడతాయి.

ఇక ముద్ద కట్టేసిందనుకోండి, అప్పుడు హెచ్ఎస్‌పీ 100 కుటుంబం, మొక్కల్లో హెచ్ఎస్‌పీ 101. ఆరు ముక్కల రింగు, మధ్యలో కన్నం. హెచ్ఎస్‌పీ 70 సాయంతో ముద్దలోంచి ఒక్కో దండ కొసని పట్టి ఆ కన్నంలోంచి లాగుతుంది, చిక్కుపడ్డ దారాన్ని సూది బెజ్జంలోంచి లాగినట్టు. అవతలికి వచ్చిన దండకి మళ్లీ మడతపడే వీలుంటుంది. దానికీ లొంగని ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే గుర్తు వేసి, ప్రొటియాసోమ్ అనే యంత్రంలో ముక్కలు చేసేస్తారు. ఈ చివరి మాట మళ్లీ వస్తుంది, మర్చిపోకండి.

స్విచ్ ఎవరు వేస్తారు, చిన్న లెక్క

హెచ్ఎస్‌పీ జీన్లని ఆన్ చేసేవాటిని హీట్ షాక్ ఫ్యాక్టర్లు, అంటే హెచ్ఎస్‌ఎఫ్‌లు అంటారు. ఈగలో ఒక్కటే ఉంటుంది, ఈస్ట్‌లోనూ ఒక్కటే. అరబిడాప్సిస్‌లో 21, వరిలో 25, గోధుమలో యాభైకి పైనే. మొక్క నీడలోకి లేచి వెళ్లలేదు కదా, ఎన్ని స్విచ్‌లు పెట్టుకుందో చూడండి.

ఇవి ఎలా మేలుకుంటాయి అన్నదానికి బాగా నిలబడ్డ వివరణ ఒకటుంది. మామూలు సమయంలో హెచ్ఎస్‌పీ 70, 90 లే హెచ్ఎస్‌ఎఫ్‌ని పట్టుకుని కదలనివ్వవు. అంకెలతో చూద్దాం, ఇవి అర్థం కావడానికి ఊహించినవి మాత్రమే. సెల్‌లో 100 హెచ్ఎస్‌పీలు, 30 హెచ్ఎస్‌ఎఫ్‌లు ఉన్నాయి. మామూలు రోజు మడత చెడ్డ ప్రొటీన్లు 50, వాటి మీద 50 హెచ్ఎస్‌పీలు పనిలో ఉంటే మిగిలిన 50లో 30 హెచ్ఎస్‌ఎఫ్‌లని పట్టుకుంటాయి, 20 ఖాళీగా ఉంటాయి. ఎండ పెరిగి చెడ్డవి 90 అయ్యాయి, 90 హెచ్ఎస్‌పీలు అటు పరిగెత్తాయి, మిగిలింది 10, అంటే 10 హెచ్ఎస్‌ఎఫ్‌లే బందీగా ఉండి 20 బయటపడ్డాయి. అవి వెళ్లి జీన్లు ఆన్ చేస్తే హెచ్ఎస్‌పీలు 150 అయ్యాయనుకుందాం, 90 పనిలో పోగా 60 మిగులు, 30 హెచ్ఎస్‌ఎఫ్‌లూ మళ్లీ బందీ, స్విచ్ తనంతట తనే ఆఫ్. అసలు సెల్‌లో ఇంత నీటుగా ఒకటికొకటి లెక్క కుదరదు, కానీ తర్కం ఇదే. మొక్క కొలిచేది థర్మామీటర్‌లో అంకెని కాదు, ఎంత ప్రొటీన్ చెడిందో దాన్ని.

ఇదొక్కటే దారి అనుకోకూడదు. వేడికి మెంబ్రేన్, అంటే సెల్ చుట్టూ ఉండే పొర, వదులై కాల్షియం లోపలికి రావడం, వెలుగుని పసిగట్టే ఫైటోక్రోమ్ బి వెచ్చదనాన్ని కూడా పసిగట్టడం, డీఎన్ఏ తన చుట్టూ చుట్టుకునే హిస్టోన్ అనే ప్రొటీన్లలో ఒక రకం వేడికి జారిపోవడం, ఇవన్నీ చూపించారు. వీటిలో ఏది ముందు, ఏది ఎంత ముఖ్యం అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

38 డిగ్రీలు ముందు చూసిన మొక్క, చూడని మొక్క

ఈ రంగంలో అన్నిటికంటే స్పష్టమైన ప్రయోగం నాకు తెలిసి ఇదే. అరబిడాప్సిస్ మొలకల్ని 22 డిగ్రీల నుంచి ఏకంగా 45 లోకి రెండు గంటలు పెడితే చచ్చిపోతాయి. అదే ముందు గంటన్నర 38 లో ఉంచి, రెండు గంటలు 22 లో విశ్రాంతి ఇచ్చి, అప్పుడు అదే 45 లో అదే రెండు గంటలు పెడితే బతుకుతాయి. ఆ గంటన్నరలో హెచ్ఎస్‌పీలు పేరుకున్నాయి. దీన్నే సంపాదించుకున్న తట్టుకునే శక్తి అంటారు, ఏ సన్నాహమూ లేకుండా మొక్కకి పుట్టుకతో ఉండేది వేరు, ఈ రెండూ వేరువేరు సంగతులు.

2000లో ఇందులో హెచ్ఎస్‌పీ 101 లేని మొక్కల్ని పరీక్షించారు. మామూలు ఉష్ణోగ్రతలో అవి శుభ్రంగా పెరిగాయి, తేడాయే లేదు. కానీ 38 లో ఎంత సన్నాహం చేయించినా 45 ని తట్టుకోలేకపోయాయి. అంటే మిగతా హెచ్ఎస్‌పీలన్నీ ఉన్నా, ముద్దలు విడదీసే ఆ ఒక్కటీ లేకపోతే సన్నాహం మొత్తం వృథా. ఆ అరబిడాప్సిస్ జీన్‌నే 2003లో వరిలో పెట్టి చూస్తే, వేడి దెబ్బ తర్వాత కోలుకునే దశలో ఆ వరి మొక్కలు మెరుగ్గా పెరిగాయి. హెడ్‌లైన్లు పుట్టేది ఇలాంటి ఫలితాల నుంచే, ఫలితాలు నిజమే కూడా.

ప్రాణం నిలవడం ఒకటి, గింజ పాలు పోసుకోవడం ఇంకొకటి

అసలు చిక్కు ఇక్కడుంది. పైన చెప్పిన ప్రయోగంలో కొలిచింది మొలక బతికిందా లేదా అని. పొలంలో 45 డిగ్రీల దెబ్బకి రెండు గంటల్లో పైరు చావడం అరుదు. పైరు పచ్చగానే ఉంటుంది, కంకి కూడా వేస్తుంది, కోసి చూస్తే తాలు గింజలు.

వరి పువ్వునే తీసుకుందాం. ఒక్కో పువ్వు సాధారణంగా పొద్దున తొమ్మిదీ పన్నెండు మధ్యలో విచ్చుకుంటుంది, తెరిచి ఉండేది ఒక గంట అటూ ఇటూ. ఆ కొద్ది సేపట్లో పుప్పొడి తిత్తి పగలాలి, పుప్పొడి రాలి కీలాగ్రం మీద పడాలి, మొలకెత్తి గొట్టంలా లోపలికి దిగాలి. ఆ సమయంలో 35 డిగ్రీలు దాటిన వేడి ఒక గంట సేపు తగిలినా చాలా రకాల్లో ఫలదీకరణ దెబ్బతింటుంది. అదే 35 డిగ్రీలు అదే మొక్క ఆకుకి పెద్ద లెక్కే కాదు. పొట్ట దశలో, పుప్పొడి లోపల తయారవుతున్నప్పుడు తగిలితే ఇంకో రకం నష్టం, పాలు పోసుకునే దశలో తగిలితే గింజ నిండక తేలికవుతుంది, నాణ్యత పోతుంది.

ఇందులో ఇంకో బాధాకరమైన విషయముంది. ముదిరిన పుప్పొడిలో, మొలకెత్తుతున్న పుప్పొడిలో హీట్ షాక్ స్పందన చాలా బలహీనం, మొక్కజొన్న మీద దీన్ని ఎప్పుడో గమనించారు. ఆకులో అంత గట్టిగా లేచే వ్యవస్థ, అసలు అవసరమైన చోట సరిగ్గా లేవదు. అలాగని పువ్వులో షాపెరోన్ల పనే లేదనుకోకూడదు, టమాటాలో హెచ్ఎస్‌ఎఫ్ ఏ2 ని తగ్గిస్తే వేడిలో పుప్పొడి బతకడం పడిపోయిందని చూపించారు, వేడికి బాగా నిలబడే ఎన్22 అనే వరి రకంలో పువ్వు విచ్చుకునే వేళ తిత్తుల్లో చిన్న హెచ్ఎస్‌పీలు ఎక్కువగా కనిపించాయి.

రెండు లైన్లు, అంటే రెండు వరి రకాలు ఊహించుకోండి, ఏ, బి. ల్యాబ్‌లో 45 డిగ్రీల పరీక్షలో ఏ లో 100కి 90 మొలకలు బతికాయి, బి లో 40. పరిశోధన పేపర్లో ఏ గొప్పది. రెండిటినీ పొలంలో వేస్తే పూత సమయంలో పది రోజులు 37 డిగ్రీలు వచ్చింది, రెండిట్లోనూ ఒక్క మొక్కా చావలేదు, రెండిట్లోనూ 100 పువ్వులకి 60 గింజలే కట్టాయి. ఏ లో పెట్టిన జీన్ అబద్ధం కాదు, ఆ జీన్ జవాబు చెప్పిన ప్రశ్న వేరు, పొలం అడిగిన ప్రశ్న వేరు.

ఎప్పుడూ ఆన్‌లో ఉంచేస్తే ఏమవుతుంది

సరే, అన్ని చోట్లా అన్ని వేళలా హెచ్ఎస్‌పీలు ఎక్కువుండేలా చేస్తే? ముందు ఖర్చు సంగతి, ప్రొటీన్ తయారు చెయ్యడానికి నైట్రోజనూ శక్తీ కావాలి, హెచ్ఎస్‌పీ 70, 101 లాంటివి పనిచేస్తున్నంతసేపూ ఏటీపీ తింటూనే ఉంటాయి. ఖర్చు ఒక్కటే కాదు, ఇవి సెల్ మామూలు పనుల్లోనూ వేలు పెడతాయి. మొక్కజొన్నలో హెచ్ఎస్‌పీ 101 లేని మొక్కలు వేడికి తట్టుకోలేవు గానీ, వాటి మొదటి వేరు మామూలు వాటికంటే వేగంగా పెరిగింది. అంటే ఆ ప్రొటీన్ రక్షణ ఇస్తూనే ఎదుగుదలని కాస్త పట్టి ఉంచుతోందన్నమాట.

ఒక్కో షాపెరోన్ కాకుండా పై స్విచ్‌నే పట్టుకుందాం అనేది ఇంకో ఆలోచన. టమాటాలో హెచ్ఎస్‌ఎఫ్ ఏ1 ఒక్కటే పెద్ద స్విచ్, దాన్ని తీసేస్తే మొక్కా కాయా వేడికి కూలిపోతాయి. అరబిడాప్సిస్‌లో మాత్రం అదే పనిని నాలుగు ఏ1 లు పంచుకుంటాయి, ఒకటి తీస్తే పెద్ద తేడా రాదు. కాబట్టి ఒక మొక్కలో ఫలితాన్ని ఇంకో మొక్కకి అలాగే అంటించలేం. గోధుమలో అయితే మూడు జీనోములు కలిసి ఉన్నాయి, దాదాపు ప్రతి జీన్‌కీ మూడు నకళ్లు, ఒకదాన్ని మార్చి ఫలితం రాలేదని ఆ జీన్ పనికిరాదనలేం.

స్విచ్ పెంచితే ఎదుగుదల పడిపోవడం మొక్కల్లో పాత సమస్యే. కరువూ చలీ మీద పనిచేసే డ్రెబ్ 1ఏ అనే స్విచ్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే అరబిడాప్సిస్ మొక్కలు గిడసబారిపోయాయి. 1999లో అదే జీన్‌ని, ఒత్తిడి వచ్చినప్పుడే లేచే ప్రొమోటర్ కింద పెడితే గిడసబారడం చాలావరకు పోయింది, తట్టుకునే శక్తి నిలిచింది. ప్రొమోటర్ అంటే జీన్ ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచెయ్యాలో చెప్పే ముందు భాగం. వార్తలో జీన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ప్రొమోటర్ ఊసే ఉండదు, తేడా మాత్రం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పొలం దాకా వచ్చిన ఒక షాపెరోన్

నిజంగా మార్కెట్లోకి వచ్చినదొకటి ఉంది, అదీ మొక్క జీన్ కాదు, వేడిదీ కాదు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టి బ్యాక్టీరియాలోని సీఎస్‌పీ బి అనే కోల్డ్ షాక్ ప్రొటీన్. ఇది ప్రొటీన్లకి కాదు, జీన్‌లోని సమాచారాన్ని ప్రొటీన్ తయారీ దాకా మోసుకెళ్లే ఆర్ఎన్ఏకి షాపెరోన్. ఒత్తిడిలో ఆర్ఎన్ఏ తనలో తను చుట్టుకుని ముడిపడితే ప్రొటీన్ తయారీ ఆగుతుంది, ఇది ఆ ముడుల్ని వదులు చేస్తుంది. చలికి పుట్టిన ఈ జీన్ మొక్కజొన్నలో నీళ్లు తక్కువైనప్పుడు పనికొస్తుందని మోన్‌శాంటో శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు, 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2013 నుంచి డ్రాట్‌గార్డ్ పేరుతో రైతులకి అమ్మారు.

ఫలితం గురించి రెండు మాటలూ వినాలి. ఒక మోస్తరు నీటి ఎద్దడిలో దిగుబడి నష్టం తగ్గింది, నీళ్లు బాగున్న చోట దిగుబడికి పెద్ద దెబ్బ లేదు, పైన చెప్పిన గిడసబారే సమస్యతో పోలిస్తే ఇది చిన్న విజయం కాదు. మరోపక్క తీవ్రమైన కరువులో ఇది ఆదుకోదు, మామూలు బ్రీడింగ్‌తో వచ్చిన కరువు తట్టుకునే రకాలు కూడా దాదాపు ఇదే స్థాయిలో ఉన్నాయని అమెరికా వ్యవసాయ శాఖ సమీక్షలోనే రాశారు. అద్భుతం కాదు, మోసమూ కాదు, ఒక హద్దులో పనిచేసిన జీన్.

షాపెరోన్ల మీద పెట్టడం దండగ అనేవాళ్ల వాదన

వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. చెడినదాన్ని బాగు చెయ్యడం కంటే చెడకుండా తప్పించుకోవడం మేలు అంటారు వాళ్లు. దానికి మంచి ఉదాహరణ, ఒరైజా ఆఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి తెచ్చిన లక్షణం, దీనివల్ల పువ్వు గంటన్నర రెండు గంటలు ముందే, ఎండ ఎక్కకముందే విచ్చుకుంటుంది. ఇందులో ఒక్క షాపెరోన్ కూడా మార్చలేదు, పువ్వు పని అయిపోయాకే ఎండ వస్తుంది. నీళ్లు దండిగా ఉంటే ఆకులు చెమటపట్టినట్టు నీటిని వదిలి గాలికంటే చల్లగా ఉండటం కూడా ఇలాంటిదే.

ఇంకో వర్గం బాగుచెయ్యడం కాదు, చెత్త ఎత్తేయడం ముఖ్యం అంటుంది. 2015లో ఆఫ్రికా వరి నుంచి గుర్తించిన టీటీ1 జీన్ ప్రొటియాసోమ్‌లోని ఒక ముక్కని తయారు చేస్తుంది, పైన మర్చిపోవద్దన్నది ఇందుకే. ఆఫ్రికా వరి రకం టీటీ1 ఉంటే వేడికి పాడైన ప్రొటీన్లు త్వరగా ముక్కలైపోతాయి, సెల్‌లో విషంలా పేరుకోవు.

షాపెరోన్ల వైపు వాళ్లు చెప్పేది కూడా వినాలి. ముందే పూసినా రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే ఏం చేస్తారు, నీళ్లే లేకపోతే ఆకు ఎలా చల్లబడుతుంది, వడగాలి పది రోజులుంటే పొట్ట దశలోని పుప్పొడి ఎక్కడికి తప్పించుకుంటుంది. తప్పించుకోవడానికి దారులు మూసుకున్నాక మిగిలేది సెల్ లోపలి మరమ్మతే. నాకు రెండో మాటే కాస్త బరువుగా అనిపిస్తుంది, ముఖ్యంగా ఎండా కరువూ కలిసి వచ్చినప్పుడు. కరువుకి మొక్క పత్రరంధ్రాలు మూసుకుంటుంది, మూసుకుంటే ఆకు చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. రెండూ కలిసినప్పుడు లేచే జీన్లు విడివిడిగా ఒక్కోదానికి లేచేవాటి మొత్తం కాదని, ఆ కలయికకే ప్రత్యేకమైన జట్టు ఒకటి లేస్తుందని 2004లోనే అరబిడాప్సిస్‌లో చూశారు. ల్యాబ్‌లో వేడి ఒక్కటే పెట్టి పరీక్షించిన జీన్ పొలంలో తడబడటానికి ఇదీ ఒక కారణం.

హెచ్ఎస్‌పీ ఎక్కువుందంటే బాగున్నట్టా, బాగోలేనట్టా

చాలా వార్తలు, కొన్ని పరిశోధన పేపర్లు కూడా, ఈ రకంలో హెచ్ఎస్‌పీ జీన్లు ఎక్కువ లేచాయి కాబట్టి ఇది తట్టుకునే రకం అని తేల్చేస్తాయి. మనం వేసిన చిన్న లెక్కని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హెచ్ఎస్‌పీలు పెరగడానికి మొదటి కారణం మడత చెడ్డ ప్రొటీన్లు పెరగడమే. కాబట్టి ఎక్కువ హెచ్ఎస్‌పీ అంటే రెండు అర్థాలు రావచ్చు, రక్షణ గట్టిగా ఉందని ఒకటి, దెబ్బ గట్టిగా తగిలిందని ఇంకొకటి. మెంబ్రేన్ గట్టిగా ఉండో, ఆకు చల్లగా ఉండో, ప్రొటీన్ తక్కువ చెడే మొక్కకి హెచ్ఎస్‌పీ లేపాల్సిన అవసరమే తక్కువ, దాన్ని చూసి బలహీనమైనదని అనుకుంటే పొరపాటు.

అందుకే ఎప్పుడు కొలిచారన్నది ముఖ్యం. వేడి మొదలైన పావుగంటలో వేగంగా లేచి, వేడి తగ్గాక త్వరగా దిగిపోయే మొక్క ఒక రకం, రెండో రోజు కూడా అలాగే పైన ఉండిపోయేది ఇంకో రకం. జ్ఞాపకం సంగతి కూడా ఉంది, ఒకసారి వేడి చూసిన అరబిడాప్సిస్ కొన్ని రోజుల పాటు రెండో దెబ్బకి ఎక్కువ సిద్ధంగా ఉంటుంది, హెచ్ఎస్‌ఎఫ్ ఏ2 వెళ్లిపోయాక కూడా ఆ జీన్ల దగ్గర హిస్టోన్ల మీద మిగిలే గుర్తులు అందుకు కారణమని 2016లో చూపించారు. ఎక్కడ కొలిచారన్నదీ అంతే ముఖ్యం, ఆకు కోసి కొలవడం సులువు కాబట్టి ఎక్కువ డేటా ఆకుదే ఉంటుంది, తాలు గింజ నిర్ణయమయ్యేది మాత్రం మిల్లీమీటర్లలో ఉండే తిత్తిలో, పువ్వు తెరిచి ఉన్న ఆ ఒక్క గంటలో.